కావాలని కదపలేదు

కువైట్ నుంచి

అన్నయ్యకి,

నాగేశు రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో, వదిన, పిల్లలు ఎలా ఉన్నారో తెలుసుకోవాలని ఉంది. నీ క్షేమం అడగడం లేదు. నువ్వు చాలా బాగున్నావని ఆ రోజు ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసింది. నీ వెనకాల జనం నవ్వడం కూడా వినపడింది.

నా ఉత్తరాలు అమ్మకి చదివి వినిపించేది నువ్వే కదా. నీకు ఇష్టమైనవి చదివి మిగిలినవి మింగేస్తావని నాకు ఎప్పటినుంచో తెలుసు. ఈసారి ఆ శ్రమ నీకు లేకుండా చేశాను. అమ్మకి వేరే కాగితం రాసి వదిన పేరున పోస్టులో వేశాను. ఇది నీ ఒక్కడికే. మడిచి జేబులో పెట్టుకుని టీ కొట్టుకి తీసుకెళ్ళాలనిపిస్తే తీసుకెళ్ళు. అక్కడ పైకి చదివే ధైర్యం నీకు ఉండదు.

ఫోన్లోనే చెప్పేవాణ్ణి. నువ్వు చెప్పనిచ్చావా? "అందరూ ఇక్కడే ఉన్నార్రా, స్పీకర్లో పెట్టేను. చెప్పు, కావాలనే కదిపేవా లేదా? ఆడి మొహం మీద దెబ్బలు కనపడకుండా ఫోటో కదిపి తియ్యమని కంపెనీవోళ్ళు చెప్పేరా? నీకేం ఆశ చూపించేరు?" అన్నావు. నేను "అన్నయ్యా, ఒక్క మాట విను" అనేలోపు పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అందుకే కాగితం తీసుకున్నాను. కాగితాన్ని పెట్టెయ్యడం కుదరదు.

జరిగింది మొదటినుంచీ రాస్తాను. నీకు సగమే తెలుసు, ఆ సగం కూడా తప్పుగా తెలుసు.

ఇక్కడ ఇప్పుడు ఎండ ఎలా ఉందో చెప్పినా నీకు అర్థం కాదు. మన దగ్గర రోహిణి కార్తెలో నువ్వు కొబ్బరితోటలో మంచం వేయించుకుని పడుకుంటావు. ఇక్కడ ఇనుము ముట్టుకుంటే చర్మం దానికి అంటుకుంటుంది. గాలి వీస్తే పొయ్యి నోటి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. మన ఊరి తాతారావు బావది పైపులతో పరంజా కట్టే పని, నాది కింద ఇనప రాడ్లు కట్టే పని. ఆ రోజు అన్నాలు తిన్నాక పనిలోకి దిగుతూ, "బామ్మర్దీ, ఒళ్ళు తేడాగా ఉందిరా. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి" అన్నాడు. నీడలో కూర్చోమన్నాను. "కూర్చుంటే ఆ సూపర్‌వైజరు ఊరుకుంటాడేంటి?" అని నవ్వి, నీళ్ళు తాగి వెళ్ళాడు.

కాసేపటికి అరుపులు వినిపించాయి. నేను పరిగెత్తేసరికి పైపుల గుట్ట పక్కన పడి ఉన్నాడు. పైనుంచి పడలేదు అన్నయ్యా. ఎవడూ తోయలేదు, ఎవడూ కొట్టలేదు. పక్కన పనిచేసేవాళ్ళంతా చూశారు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయాడట. పడేటప్పుడు నుదురు పైపు అంచుకి తగిలింది. ఆయన మొహం మీద ఉన్న దెబ్బ అదొక్కటే. నా ఒళ్ళో తల పెట్టుకుని నీళ్ళు చల్లాను. పెదాలు ఆడాయి కానీ మాట రాలేదు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే నేనూ ఎక్కబోయాను. సూపర్‌వైజరు వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగేశాడు. సాయంత్రం క్యాంపుకి తిరిగి వచ్చాక, పోయాడని చెప్పారు.

మొగుడు పోయిన కబురు మంగక్కకి ఎవరు చెప్పాలి? ముందు నీకు ఫోన్ చేసి నిన్ను వెళ్ళమందామనుకున్నాను. నీ సంగతి తలుచుకుని మానేశాను. నేనే చేశాను.

మంగక్క ఏడవలేదు. "కాదు తమ్ముడూ" అంది. "మొన్న శుక్రవారం మాటాడేరు కదా. వాడపల్లి వెంకన్నకి మొక్కిన శనివారాలు మధ్యలో మానకు, పూర్తి చెయ్యి అన్నారు. ఆ పేరుతో ఇంకెవరో ఉండుంటారు. సరిగ్గా కనుక్కో."

"అక్కా, పడిపోయినప్పుడు నా ఒళ్ళోనే ఉన్నాడు."

"పడిపోతే పోయినట్టా? పోయేక నువ్వు చూసేవా?"

"లేదు" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"మరి? ఎవరో నీకు చెప్పేరు, నువ్వు నాకు చెప్తున్నావు. నాకు మొహం చూపించు. మొహం చూసేదాకా నేను బొట్టు తియ్యను, ఏ కాగితం మీదా సంతకం పెట్టను."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నేను ఆమె చోట ఉన్నా అదే అంటాను. కానీ ఆమె సంతకం పెట్టిన కాగితం వస్తేనే శవం పెట్టె విమానం ఎక్కుతుంది. మా ఆఫీసులో ఇలాంటి పనులు చూసే హైదరాబాదాయన ఒకాయన ఉన్నాడు. కాగితం రాకపోతే ఇక్కడే పూడ్చేస్తారని ఆయన చెప్పాడు. ఆయన్నే పట్టుకుని బతిమాలి, ఆస్పత్రిలో శవాలు పెట్టే గదికి వెళ్ళాను. మనిషి ఆయనే అని చెప్పడానికి మాత్రమే నాకు అనుమతి. ఫోటోలు తియ్యకూడదని తలుపు మీదే బొమ్మ గీసి పెట్టారు.

సొరుగు లాగారు. గుడ్డ తీశారు. ఆయనే.

నేను రుమాలు చాటున ఫోన్ పట్టుకుని ఉన్నాను. ఒంటి చేత్తో, నడుము దగ్గర, తెర వైపు చూడకుండా. కాపలావాడు అటు తిరిగాడనుకుని నొక్కాను. వాడు తిరగలేదు. అరుస్తూ నా మణికట్టు పట్టుకుని విదిలించాడు. ఫోటో పడింది సరిగ్గా ఆ విదిలింపులోనే. నన్ను మెడ పట్టుకుని బయటికి గెంటారు. హైదరాబాదాయన వాళ్ళ కాళ్ళావేళ్ళా పడకపోతే ఫోను కూడా లాక్కునేవారు, నన్నూ లోపలేసేవారు.

బయటికి వచ్చి చూసుకుంటే తెల్లగుడ్డ, దాని మధ్య గోధుమరంగు చార, దాని మీద మీసం లాంటి నల్లటి గీత. అంతే. ఆయన్ని అప్పుడే చూసొచ్చిన నాకు అది ఆయనేనని తెలుస్తుంది. ఇంకెవరికీ తెలియదు. అయినా ఏమీ లేకపోవడం కంటే నయమనుకుని నెట్ సెంటర్ నుంచి నీకు పంపాను. మన ఊళ్ళో మెయిల్ తెలిసినవాడివి నువ్వొక్కడివే అయ్యావు, అదీ నా ఖర్మ. దాంతో పాటు నేను రాసిన మాట గుర్తుందా? "ఫోటో కదిలిపోయింది. మంగక్క ఒక్కదానికే చూపించు. మళ్ళీ తియ్యడానికి చూస్తాను" అని రాశాను. చదువుకున్నవాడివి కదా, చదివే ఉంటావు.

నువ్వేం చేశావు? రాజోలు వెళ్ళి దాన్ని రంగుల్లో తీయించావు. ఒకటి కాదు, చాలా కాపీలు. కొబ్బరికాయల రాశి దగ్గర ఒకటి, టీ కొట్టులో ఒకటి, రేవు దగ్గర ఒకటి. చేతులు మారి మారి నూనె మరకలు పడ్డాయట వాటికి. ఒకడు తలకిందులుగా పట్టుకుని చూశాడట. ఇంకొకడు "చేపకి మీసాలొచ్చినట్టుంది" అన్నాడట. నువ్వు నవ్వావట. వదిన చెప్పిందనుకుని వదిన మీద అరవకు. వదిన ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కొట్టులో కూర్చున్న ఒకాయన కొడుకు మా క్యాంపులోనే ఉన్నాడు. నువ్వు అక్కడ చేసింది ఇక్కడ మాకు ఆ రోజే తెలిసిపోయింది. మా గదిలో అందరూ నా వైపు చూశారు. నీ తమ్ముణ్ణి అయినందుకు నేను తల దించుకున్నాను.

అది కూడా దిగమింగేవాణ్ణి. దాని తర్వాత మంగక్క ఫోన్ చేసింది. అది మాత్రం దిగమింగలేను.

గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు మాట్లాడింది. "తమ్ముడూ, మీ అన్నయ్య గారు చెప్పేరు, ఆ ఫోటోలో ఉన్నది మీ బావ కాదంటగా. ఏదో గొడవలో జైల్లో పెట్టుంటారు, నువ్వు భయపడి దాస్తున్నావు అన్నారు. నేనెవరికీ చెప్పన్లే. ఒక్కసారి ఆయనకి ఫోనియ్యి. మాటాడనివ్వకపోయినా ఫర్లేదు. దగ్గితే చాలు, గుర్తుపట్టేస్తాను."

ఆ మాట విని నేనేం చెయ్యాలి అన్నయ్యా? నువ్వు చెప్పు. నీకు అన్నిటికీ సమాధానాలు ఉంటాయి కదా.

"అక్కా, బావ లేడు" అన్నాను. "ఆయ్" అంది. అంతే. పెద్దవాళ్ళు ఏదో చెబితే ఊ కొట్టినట్టు "ఆయ్" అంది. నమ్మలేదని తెలుస్తోంది. ఆ తర్వాత అడిగింది: "మరి ఫోటో ఎందుకు కదిపేవు తమ్ముడూ?"

పోయినవాణ్ణి ఆమె కోసం మళ్ళీ బతికించి కూర్చోబెట్టావు. ఎందుకో నాకు తెలుసు. ఆయన నాకు వీసా తెప్పించాడు, నీకు తెప్పించలేదు. "పెద్దోడు పనిలో నిలబడడు" అన్నాడని నువ్వు ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావు. ఆ మాట ఆయన అన్న సంగతి నిజమే. నేను అక్కడే ఉన్నాను. ఆయన అన్నది నిజమే అని ఇప్పుడు నేనూ అంటున్నాను.

నా సంగతి అడగలేదు నువ్వు, అయినా రాస్తాను. నా మంచం ఎదుటి మంచం ఆయనది. కొత్తవాణ్ణి ఇంకా పంపలేదు. పరుపు చుట్టి గోడకి ఆనించారు. పొద్దున్నే లేచి చూస్తే ఇనప పట్టీలు కనిపిస్తాయి. తిండి ఎప్పటిలాగే ఉంది. ఖుబ్బూస్ రొట్టెలు, నీళ్ళ పప్పు. మా మెస్‌లో వంట చేసే సూర్యనారాయణ గారిది రామచంద్రపురం. ఆయన శుక్రవారం నాడు చింతపండు పులుసు పెడతారు. తాతారావు బావ ఉన్నప్పుడు ఆ పులుసు కోసం గిన్నె పట్టుకుని వరసలో ముందు నిలబడేవాడు. ఇప్పుడు ఆ రోజున నాకు అన్నం దిగడం లేదు. నువ్వు ఈసారి ఆవకాయ, తాండ్ర ఏమీ పంపొద్దు. వదిన పెట్టినా, నీ చేత్తో కట్టిన మూట నాకు వద్దు.

ఫోటో కదపకుండా తియ్యడం నాకు రాదని నువ్వు జనానికి చెప్పుంటే, అందులో సగం నిజం ఉండేది. నాకు నిజంగానే రాదు. సెలవు రోజున ఇస్త్రీ చొక్కాలు వేసుకుని సముద్రం ఒడ్డుకి పోయి, ఇంటికి పంపడానికి ఫోటోలు తీసుకునేవాళ్ళం. బావ ఫోటో నేను తీస్తే ప్రతిసారీ తిట్లే. "నీ చేతిలో ఫోన్ పెడితే నా మొహం మజ్జిగలా చిలికేస్తావు. ఇది చూస్తే మీ అక్క, తాగి నిలబడ్డాననుకుంటుంది" అనేవాడు. ఆ తర్వాత దగ్గర నిలబడి నేర్పేవాడు. రెండు చేతులతో పట్టుకో. మోచేతులు పక్కటెముకలకి ఆనించు. వీపు ఏదైనా గోడకో స్తంభానికో చేర్చు. ఊపిరి వదిలేసి, మళ్ళీ పీల్చకముందే నొక్కు. గట్టిగా పొడవకు, పిల్లల బుగ్గ నొక్కినట్టు నొక్కు. నొక్కాక వెంటనే దించకు, ఈ ఫోను నొక్కిన కాసేపటికి గానీ తీయదు. నేను విన్నట్టే తలాడించి మళ్ళీ కదిపేవాణ్ణి. ఆయన మళ్ళీ వెళ్ళి అదే చోట నిలబడి, అదే నవ్వు పెట్టేవాడు. మంగక్క దగ్గర ఉన్న మంచి ఫోటోలన్నీ అలా తిట్లు తిని తీసినవే.

మంగక్క ఫోన్ చేసిన మర్నాటినుంచి పనయ్యాక ఆఫీసుకి వెళ్ళి నిలబడడం మొదలుపెట్టాను. మొదటి రోజు హైదరాబాదాయన "కుదరదు భాయ్, నీ వల్ల నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. తర్వాత రోజు తల ఎత్తలేదు. సూపర్‌వైజరుకి తెలిసి, ఇంకోసారి ఆఫీసు మెట్లెక్కితే వీసా రద్దు చేసి పంపేస్తానన్నాడు. పంపెయ్యమన్నాను. వెళ్తే మంగక్క ముందు ఏ మొహంతో నిలబడాలో తెలియదు గానీ, ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. చివరికి సూర్యనారాయణ గారు నాతో వచ్చారు. ఆయన ఇక్కడ పాతకాపు, ఆయన వండిన కూడు తినని ఆఫీసరు లేడు. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. "ఏవండీ, ఆ అమ్మాయి ఇంకా బొట్టు పెట్టుకునే ఉందండీ. మొగుడు ఉన్నాడనుకుని శనివారాలు చేస్తోందండీ. మీ ఇంట్లో ఆడపిల్ల అయితే ఏం చేస్తారండీ?" అన్నారు. హైదరాబాదాయన తిప్పుతున్న కలం పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఆస్పత్రి వాళ్ళకి తనే ఫోన్ చేశాడు.

అనుమతి వచ్చింది. ఒక్క ఫోటోకే. కాపలావాడి ఎదురుగా, ఒక్కసారి నొక్కి వచ్చెయ్యాలి.

ఒక్కటే అనేసరికి నాకు భయం పట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నం మెస్ ఖాళీ అయ్యాక సూర్యనారాయణ గార్ని బల్ల మీద పడుకోమన్నాను. "బతికుండగానే నన్ను పడుకోబెట్టేవుట్రా" అని విసుక్కుని, అయినా తలగుడ్డ తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని కదలకుండా పడుకున్నారు. తీశాను. కదిలింది. తీశాను. కదిలింది. తలుపు మూసి దీపం వెలుతురులో తీశాను, అక్కడ ఆ గదిలో కూడా మసక వెలుతురే. బావ తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని మోచేతులు ఆనించాను, బల్ల అంచుకి నడుము ఆనించాను, ఊపిరి వదిలాను. అప్పుడు పడింది. ఆయన కనురెప్పల మీద ముడతలు కూడా లెక్కపెట్టేలా పడింది. లేచి చూసుకుని, "ఇలా ఉంటానన్నమాట" అన్నారు.

మర్నాడు వెళ్ళాం. అదే గది, అదే కాపలావాడు. నన్ను గుర్తుపట్టాడు. నా చేతిలో ఫోను చూసి మొహం చిట్లించాడు గానీ ఈసారి అడ్డం రాలేదు. సొరుగు లాగి గుడ్డ తీసి పక్కకి జరిగాడు.

లోపల చలి. ఫోను తెరలో ఆయన మొహం ఆగడం లేదు. నొక్కలేదు. నొక్కితే అయిపోతుంది. కాపలావాడు ఏదో అన్నాడు, తొందరగా కానివ్వమని కాబోలు. నేను ఫోను దించేశాను. ఎదుటి సొరుగుల వరసకి వీపు ఆనించాను. అవతల ఎవరెవరు ఉన్నారో, ఆ ఇనుము చలి చొక్కాలోంచి దిగింది. మోచేతులు పక్కటెముకలకి అదిమాను. ఊపిరి మొత్తం వదిలేశాను. ఆయన్ని చూడలేదు అన్నయ్యా, తెరని మాత్రమే చూశాను. ఆయన్ని చూస్తే చెయ్యి ఆగదు. తెరలో మొహం నిలబడింది. నొక్కాను. నొక్కి అలాగే ఉండిపోయాను. చప్పుడు వచ్చాక కూడా దించలేదు. కాపలావాడే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి లాగలేదు. మెల్లిగా తలుపు దాకా నడిపించాడు.

ఫోటో కదలలేదు. ఎడమ కనుబొమ పైన దెబ్బ ఉంది, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తోంది, దాచడానికి ఏమీ లేదు. గడ్డం మీద చిన్నప్పటి అమ్మవారి మచ్చ ఉంది. మీసం ఓ పక్క కొంచెం ఎక్కువ కత్తిరించుకున్నాడు, అదీ తెలుస్తోంది. ఎవరు చూసినా ఆయనే అంటారు.

నువ్వు ఎలా కనిపెట్టావో గానీ ఆ సాయంత్రమే ఫోన్ చేశావు. "తీసేవంటగా. నాకు మెయిలు కొట్టు. ముందు నేను చూసి, ఆడో కాదో చెప్తాను. నలుగురు పెద్దోళ్ళు కూడా చూడాలి కదా" అన్నావు. నేను పంపనన్నాను. "తమ్ముడివై ఉండి నామీద నమ్మకం లేదట్రా?" అన్నావు. అప్పుడూ జవాబు వినకుండా పెట్టేశావు. ఇప్పుడు చెబుతున్నాను: లేదు.

మంగక్కని అడిగాను. "అక్కా, ఫోటో ఉంది. బాగా వచ్చింది. ఈ రోజే అందాలంటే మా అన్నయ్యకి పంపాలి, వేరే దారి లేదు. లేదా సూర్యనారాయణ గారు సెలవు మీద వస్తున్నారు, ఆయన చేతికి ఇస్తాను, కొంచెం ఆలస్యం అవుతుంది" అన్నాను.

"బాగా వచ్చిందా?" అంది. బాగా వచ్చింది అన్నానే, ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు అప్పుడు తెలిసింది. తర్వాత, "ఆయన్ని మళ్ళీ కొట్టులోకి పంపకు తమ్ముడూ. ఆలస్యమైనా ఫర్లేదు, నా చేతికి రానీ" అంది. అప్పుడు ఏడ్చింది. ఆయన పోయాక మొదటిసారి ఏడ్చింది. నేను ఫోను చెవికి ఆనించుకుని వింటూ కూర్చున్నాను.

ఇక్కడి స్టూడియోలో ఒక్క కాపీ తీయించాను. వాడు తీస్తున్నంతసేపు మిషను పక్కనే నిలబడ్డాను. కవరులో పెట్టి అంటించాను. ఆ తర్వాత ఫోన్లోంచి తుడిచేశాను. ఇప్పుడు ఆ మొహం ఉన్నది ఆ కాగితం మీద మాత్రమే. సూర్యనారాయణ గారు విమానం దిగాక ముందు తన ఇంటికి కూడా వెళ్ళకుండా మంగక్క ఇంటికి వస్తారు. అమ్మనీ వదిననీ అప్పటికి అక్కడ ఉండమని వాళ్ళ కాగితంలో రాశాను, మంగక్కని ఒక్కదాన్ని వదలొద్దని రాశాను. ఆమె సంతకం ఆయనే తీసుకుని పంపిస్తారు. అదంతా అయ్యాక నీ దగ్గరికి వచ్చి ఈ ఉత్తరం ఇస్తారు. అంటే నువ్వు ఇది చదివేసరికి ఆమె చూసేసి ఉంటుంది. ఆయన్ని కూర్చోబెట్టి వివరాలు అడగకు. ఆయన ముసలివాడు, పెద్దమనిషి. మంచినీళ్ళిచ్చి, బస్సు ఎక్కించి రా. అది నీకు చేతనవుతుంది.

ఇక నువ్వు చెయ్యవలసినవి రాస్తున్నాను. బతిమాలడం లేదు.

నువ్వు పంచిన కాపీలన్నీ వెనక్కి తీసుకో. ఎవరెవరికి ఇచ్చావో నీకు తెలుసు. ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి అడుగు. ఎందుకని అడిగితే, తప్పు చెప్పానని చెప్పు. నోరు రాకపోతే ఏమీ చెప్పకు, కాపీ మాత్రం తీసుకుని రా. అన్నీ కలిపి కాల్చెయ్యి. పిల్లల కంట పడనివ్వకు.

మంగక్క ఇంటికి వెళ్ళి ఓదార్చాలని చూడకు. ఆమె నిన్ను ఏమీ అనదు, ఆమె నోట్లోంచి మాట రాదు. అందుకే వెళ్ళొద్దంటున్నాను.

కానీ పెట్టె వచ్చిన రోజున రా. బావకి అన్నదమ్ములు లేరు, కొడుకులు లేరు. నేను రాలేను, సూపర్‌వైజరు సెలవు ఇవ్వనన్నాడు, ఇవ్వకపోతే మానేసి వస్తానంటే పాస్‌పోర్టు ఆఫీసులో ఉందన్నాడు. ఆ పెట్టె మామూలు పాడె కాదు, చాలా బరువుంటుందట, లోపల రేకు కూడా వేస్తారట. వ్యానులోంచి దించి ఆ సందులోకి మొయ్యాలంటే గట్టి భుజాలు కావాలి. నీకు భుజాలు ఉన్నాయి. నా బదులు నువ్వు పట్టుకో. శ్మశానం దాకా దించకు. దారిలో ఎవరితోనూ మాట్లాడకు. ఎవరైనా ఫోటో సంగతి ఎత్తితే, ఆ మనిషి మొహం మీదే "నోరుముయ్" అను. ఆ ఒక్క మాటకీ నీకు అనుమతి ఇస్తున్నాను.

అది చేస్తే నిన్ను క్షమించానని అనుకోకు. పెట్టె మొయ్యడానికి మనిషి కావాలి, అంతే.

అమ్మ కాళ్ళకి నా దండాలు. వదినకి నమస్కారాలు. పిల్లలకి ముద్దులు, బాగా చదువుకోమన్నానని చెప్పు. మన వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు. ప్రతి ఉత్తరంలోనూ నీ దీవెనలు అడిగేవాణ్ణి. ఈసారి అమ్మవి చాలు.

ఇట్లు,
అమ్మ చిన్నకొడుకు
నాగేశు